విజర్డ్ స్లాట్లను పొదుపుగా వాడటం ఎలా?

నేను నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలుగా మారి ఆడే టేబుల్‌టాప్ ఆట) ఆటల్లో విజర్డ్‌ను, అంటే మాంత్రికుడి పాత్రను, ఎంచుకున్నవారికి ముందుగా చెప్పేది ఒకటే: తొలి పోరులోనే ఫైర్‌బాల్ (మూడో స్థాయి నిప్పు మంత్రం) వేసేయకండి. ఆ ఆట 5వ ఎడిషన్‌లో 5వ స్థాయి విజర్డ్‌కు మూడో స్థాయి స్లాట్లు (మంత్రం వేస్తే ఖర్చయ్యే అవకాశాలు; వీటి స్థాయి మంత్రానిది, పాత్రది కాదు) రెండే. అన్నీ తిరిగి నిండాలంటే ఆటలోని కాలం ప్రకారం 8 గంటల లాంగ్ రెస్ట్ (దీర్ఘ విశ్రాంతి) కావాలి. 24 గంటల్లో దాని ఫలితం ఒక్కసారే దక్కుతుంది.

గంటసేపటి షార్ట్ రెస్ట్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు. అది అన్యాయం! వార్‌లాక్‌కు (మరో రకం మాంత్రికుడి పాత్ర) స్లాట్లు అప్పుడే తిరిగొస్తాయి. విజర్డ్ కూడా ఆర్కేన్ రికవరీ అనే తన సామర్థ్యంతో రోజుకొకసారి కొన్ని రాబట్టుకోవచ్చు. 5వ స్థాయిలో ఆ స్లాట్ల స్థాయిల మొత్తం 3 దాటకూడదు. నేనైతే ఒకే మూడో స్థాయి స్లాట్ తీసుకుంటాను. షీల్డ్ అనే మొదటి స్థాయి రక్షణ మంత్రంపై ఎక్కువగా ఆధారపడేవారికి మాత్రం మొదటి స్థాయివి మూడు తీసుకోవడమే మేలు.

మాయను పసిగట్టే డిటెక్ట్ మ్యాజిక్ మంత్రానికి స్లాట్ ఖర్చు చేయకండి. తొందర లేనప్పుడు రిచువల్‌గా (స్లాట్ లేకుండా, నెమ్మదిగా) చేస్తే 10 నిమిషాలు అదనంగా పడుతుంది, అంతే. విజర్డ్ మంత్రాల పుస్తకమైన స్పెల్‌బుక్‌లో ఉంటే చాలు, ఆ రోజుకు సిద్ధం చేసుకోనక్కర్లేదు.

లాంగ్ రెస్ట్‌లో కనీసం 6 గంటలు నిద్రపోవాలి. కాబట్టి ఎవరి కాపలా వంతూ 2 గంటలు దాటకుండా ముందే పంచుకోండి.