చిన్న ప్రాక్టీసు నడిపేవాళ్ళు క్లయింట్లకి నెలకో న్యూస్‌లెటర్ పంపడం ఎలా

విజయవాడ గవర్నర్‌పేటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో రెండు గదుల ఆఫీసు పెట్టుకుని జీఎస్టీ రిటర్నులు, అకౌంట్స్ చూసుకునేవాళ్ళకి కొత్త పార్టీ (అంటే క్లయింటు) ఎక్కువగా పాత పార్టీ చెప్తేనే వస్తుంది. అందుకని న్యూస్‌లెటర్ అనగానే ఊళ్ళో వాళ్ళందరికీ పంపేది అనుకోకండి, అది ముందు మన దగ్గర ఇప్పటికే పని చేయించుకుంటున్నవాళ్ళకి. వాళ్ళు చదివి "ఇది మా బావమరిదికి పనికొస్తుంది" అని ఫార్వర్డ్ కొట్టాలి, మన మార్కెటింగ్ అంతా ఆ ఒక్క ఫార్వర్డ్‌లోనే ఉంది. సంక్రాంతికీ ఉగాదికీ మన ఫోటో, ఆఫీసు పేరు వేసి పంపే శుభాకాంక్షల బొమ్మతో ఆ పని జరగదు, అలాంటివి ఆ రోజు వాళ్ళ ఫోన్లో బోలెడు ఉంటాయి.

ఏం రాయాలి అన్నదే అసలు విషయం. ఆఫీసులో ఫోన్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టి, ఈ నెల పార్టీలు ఏం అడిగారో వాళ్ళ మాటల్లోనే రాయించండి, మన భాషలోకి మార్చొద్దు. "ఐటీసీ మిస్‌మ్యాచ్" (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి వచ్చే క్రెడిట్ లెక్క కలవకపోవడం) అని రాస్తే ఎవరూ ఓపెన్ చెయ్యరు, "బిల్లు నా దగ్గరే ఉంది కదండీ, క్రెడిట్ ఎందుకు రాలేదు" అని రాస్తే ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపాయన కౌంటర్లో నిలబడే చదువుతాడు. ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే తీస్కోండి, ఒకటే. అయిదు విషయాలు కలిపి పంపితే ఏదీ గుర్తుండదు.

ఆ ప్రశ్నకే ఒక లెటర్ ఎలా ఉంటుందో చూడండి:

"11వ తేదీ లోపు మీ సప్లయర్‌కి ఒక ఫోన్ కొట్టండి. మీరు సరుకు కొన్నారు, బిల్లు ఉంది, డబ్బు కూడా ఇచ్చేశారు. కానీ ఆయన జీఎస్టీఆర్-1 (ఆయన అమ్మకాల రిటర్ను) టైముకి వెయ్యకపోతే 14న వచ్చే మీ 2బీలో (మీకొచ్చే క్రెడిట్ల లిస్టులో) ఆ బిల్లు కనపడదు. అప్పుడు ఈ నెల ఆ క్రెడిట్ వాడలేరు, ఆ మేరకు ట్యాక్స్ మీరు క్యాష్‌లో కట్టాల్సి వస్తుంది. ఆయన తర్వాత వేస్తే ఆ తర్వాతి 2బీలో వస్తుంది. మీ సప్లయర్ మూడు నెలలకోసారి రిటర్ను వేసే రకమైతే, మొదటి రెండు నెలల బిల్లుల్ని 13 లోపు ఐఎఫ్ఎఫ్‌లో (అలాంటివాళ్ళు బిల్లులు ముందే ఎక్కించే చోటు) ఎక్కించమనండి. పెద్ద బిల్లులు ఏవో చూసి ముందు ఆ నాలుగైదు ఫోన్లు చెయ్యండి, మిగతాది మేం చూస్తాం."

అంతే, ఫోన్ స్క్రీన్ మీద రెండుసార్లు పైకి జరిపితే అయిపోవాలి. ఇందులో తేదీ ఉంది, ఏం చెయ్యాలో ఉంది, చెయ్యకపోతే ఏం పోతుందో ఉంది, మన గొప్పలు ఎక్కడా లేవు. కింద పేరు, ఆఫీసు ల్యాండ్‌మార్కు, ఫోన్ నంబరు చాలు. సెక్షన్ నంబర్లు అడిగినవాళ్ళకి విడిగా చెప్పండి. తెలుగు లిపిలోనే రాయండి, మన పార్టీల్లో చాలామంది ఇంగ్లిష్ మెయిల్ చూడగానే ఇది ఆడిటర్ గారికి పంపాల్సిందేమో అనుకుని పక్కన పెట్టేస్తారు.

ఇది ఏ తేదీన పంపాలో కూడా విషయమే చెప్తుంది. పై లెటరైతే నెల మొదటి వారంలో వెళ్ళాలి, 12న వెళ్తే ఎవరికీ ఉపయోగం లేదు. అడ్వాన్స్ ట్యాక్స్ గురించైతే జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి 15లకి ఓ పది రోజులు ముందు. గుంటూరు మిర్చి పార్టీలకి సీజన్లో పొద్దున పంపకండి, అది యార్డులో బేరాల టైము, సాయంత్రం పంపండి. జీఎస్టీ రేటు మారినప్పుడు మాత్రం నెల రోజులు ఆగక్కర్లేదు. 2025 సెప్టెంబర్ 22న ఆటో పార్ట్స్ మీద 28 శాతం కాస్తా 18 అయినప్పుడు షాపులవాళ్ళ ప్రశ్న ఒకటే, 28 కట్టి కొన్న పాత స్టాకు సంగతేంటి అని. అమ్మేది 18కి, ముందే తీస్కున్న క్రెడిట్ అలాగే వాడుకోవచ్చు, ఈ రెండు ముక్కలు అదే రోజు చేతికందితే ఆ షాపాయన ఇంకెవర్నీ అడగడు.

దేంట్లో పంపాలంటే షాపులవాళ్ళకి వాట్సాప్, జీతాలవాళ్ళకీ అమెరికాలో ఉండి ఇక్కడ ఫ్లాటు అద్దెకిచ్చినవాళ్ళకీ ఈమెయిల్. వాట్సాప్‌లో గ్రూపు పెట్టకండి, ఒకరి నంబరు ఇంకొకరికి తెలిసిపోతుంది, బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టండి. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు, కాకపోతే మన నంబరు వాళ్ళ ఫోన్లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ వెళ్తుంది, అందుకని పార్టీ ఆఫీసుకి వచ్చినప్పుడే అడిగి సేవ్ చేయించండి. అడగడం అంటే గుర్తొచ్చింది, ఎక్కడో దొరికిన నంబర్ల లిస్టు కొని పంపడం అస్సలొద్దు, ఫైలు తెరిచేటప్పుడు ఫారంలో "నెలకోసారి సమాచారం పంపొచ్చా" అని ఒక గడి పెట్టండి, వద్దన్నవాళ్ళని వెంటనే తీసేయండి. మామూలు జీమెయిల్ నుంచి రోజుకి 500 మందికే వెళ్తుంది, అదీ ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనపడకుండా అడ్రస్‌లన్నీ బీసీసీలో పెట్టాలి. లిస్టు పెరిగి మెయిల్‌చింప్ లాంటి, ఒకేసారి చాలామందికి మెయిల్ పంపే సర్వీసు వాడితే సొంత డొమైన్ కొని, ఎస్పీఎఫ్, డీకిమ్ సెట్టింగులు (మెయిల్ నిజంగా మన దగ్గర్నించే వచ్చిందని చూపించేవి) తెలిసిన కుర్రాడితో పెట్టించండి, లేకపోతే స్పామ్‌లో పడే ఛాన్స్ ఎక్కువ.

సీఏలు, లాయర్లు, డాక్టర్లు మాత్రం ఇక్కడ కొంచెం ఆగి చదవండి. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టం మొదటి షెడ్యూల్లో సర్క్యులర్ల ద్వారా పని అడగడం తప్పని ఉంది, బార్ కౌన్సిల్ రూల్ 36 కూడా దాదాపు అదే మాట అంటుంది, డాక్టర్లకి 2002 రెగ్యులేషన్లలో పేషెంట్లని పిలుచుకోవడం మీద ఆంక్షలు ఉన్నాయి. కాబట్టి పంపేముందు మీ వృత్తిని నియంత్రించే సంస్థ తాజా గైడ్‌లైన్స్ చదవండి, ఉన్న క్లయింట్లకి సమాచారం వరకే ఉంచండి, ఫీజు డిస్కౌంట్లూ "మేమే బెస్ట్" లాంటివీ రాయకండి.

పని చేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? ఎంతమంది ఓపెన్ చేశారన్న అంకె పట్టుకుని కూర్చోకండి, 2021 నుంచి యాపిల్ మెయిల్ వాడేవాళ్ళు చదవకపోయినా ఓపెన్ అయినట్టే చూపించొచ్చు. రిప్లైలు చూడండి, కొత్తగా ఫోన్ చేసినవాళ్ళని "మా నంబరు ఎవరిచ్చారండీ" అని అడిగి అదే నోట్‌బుక్‌లో రాయండి. రిప్లైకి ఆ రోజే జవాబివ్వండి, ఆ జవాబుల్లోంచే వచ్చే నెల లెటర్ దొరుకుతుంది.