ఎంజీబీ చలికి స్టార్ట్ కావడం లేదా? పానా పట్టే ముందు జాగ్రత్తలు

ఎంజీబీ పాతకాలపు బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. రెండు ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బ్యురేటర్లున్న (ఎస్‌యూ వాటి బ్రాండు) పాత ఎంజీబీలకు ఇవి.

• ముందు బ్యాటరీ సంగతి. 1967 దాకా వచ్చిన బళ్లకు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ పోస్టే బాడీకి కలిపి ఉంటుంది. అలవాటుగా నెగటివ్‌ను బాడీకి కలిపి జంపర్ కేబుల్ వేస్తే వైరింగ్ కాలిపోతుంది. తరువాత ఎవరైనా మార్చి ఉండొచ్చు కూడా, కాబట్టి ఏ పోస్టు బాడీకి బిగించి ఉందో కళ్లారా చూడండి. సీట్ల వెనుక 6 వోల్టులవి రెండు సిరీస్‌లో ఉంటే, రెండింటినీ కలిపే తీగ కూడా గట్టిగా ఉండాలి.

• విప్పేటప్పుడు ఎర్త్ తీగే మొదట, బిగించేటప్పుడు అదే చివర.

• ఇంజిన్ రాత్రంతా చల్లారాలి. వేడి ఇంజిన్ మీద ఈ లోపం దొరకదు.

• గ్యారేజీ తలుపు తెరిచి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి. గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ పైకి.

• యాక్సిలరేటర్ ఊరికే తొక్కకండి. ఎస్‌యూలో యాక్సిలరేటర్ పంపు లేదు, తొక్కితే పెట్రోలు అదనంగా రాదు. చలికి మిశ్రమాన్ని చిక్కబరిచేది చోక్ మాత్రమే: అది జెట్‌ను (పెట్రోలు వచ్చే సన్న గొట్టాన్ని) కిందికి లాగుతుంది. ఇంకొకరిచేత చోక్ లాగించి, రెండు జెట్లూ సమానంగా దిగుతున్నాయా చూడండి. చోక్ లోపలికి తోసినప్పుడు జెట్లు పూర్తిగా పైకి రాకపోతే స్పార్క్ ప్లగ్గులు మసి పడతాయి.

• డాష్‌పాట్లు (కార్బ్యురేటర్ పైన పిస్టన్ ఉండే గదులు) విప్పాల్సివస్తే ముందే గుర్తు పెట్టండి. ఏ పిస్టన్ దాని గదికే సరిపోతుంది, తారుమారైతే ఇరుక్కుంటుంది. పిస్టన్ అడుగున ఉండే సూది వంగనివ్వకండి.

• సందు కొలిచే ఫీలర్ గేజ్ దగ్గరుంచండి: ప్లగ్గులకు 0.025 అంగుళం, డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లకు 0.015.

• స్టార్టర్ ఒకసారికి పది సెకన్లు మించొద్దు.