నుయ్యి ఉప్పెక్కుతోందా? గొడవకి ముందు కొలవండి

రాజోలు దగ్గర మా ఊళ్లో బోరు నీళ్లు తోడి టిన్నుల్లో అమ్మే వాటర్ ప్లాంటు పెట్టిన రెండో వేసవికి మా నూతి నీళ్లలో కందిపప్పు ఉడకడం మానేసింది. ఎదురింటి పిన్నిగారిదీ అదే మాట. అందరం కలిసి అడగడానికి వెళ్తే, "వానలు లేవు కదండీ" అన్నాడు ఓనరు. తిరిగి చెప్పడానికి మా దగ్గర ఒక్క అంకె లేదు.

నూలు తాడుకి రాయి కట్టి, అడుగుకో ముడి వెయ్యండి. ప్లాస్టిక్ తాడైతే తడి సరిగ్గా కనపడదు. తెల్లవారుజామున, ఎవరూ మోటారు వెయ్యకముందు, నూతిలోకి వదలండి. గట్టు అంచు నుంచి తడి మొదలైన చోటు దాకా ముడులు లెక్కపెట్టి రాసుకోండి. ప్లాంటు మోటారు నాలుగైదు గంటలు ఆడాక మళ్లీ కొలవండి. రోజూ గట్టు మీద అదే చోటు నుంచి. కాలవ కట్టేసిన (నీళ్లు ఆపేసిన) రోజు, వాన పడిన రోజు, పక్క రొయ్యల చెరువుకి నీళ్లు పెట్టిన రోజు కూడా రాయాలి. అవి లేకుండా ప్లాంటునొక్కదాన్నే తప్పుపట్టడం అన్యాయం.

అడుగు దిగితే ఏమవుతుందిలే అనుకోకండి. సముద్రం దగ్గరి నేలలో మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలే పొర. సముద్ర మట్టానికి అడుగు ఎత్తున నీళ్లుంటే, కింద దాదాపు 40 అడుగుల మంచినీళ్లు ఉన్నట్టు లెక్క. పైన అడుగు తగ్గితే కింద ఉప్పునీళ్లు నెమ్మదిగా ఆ 40 అడుగులూ పైకి ఎక్కొస్తాయి. అందుకే వారానికోసారి టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) కూడా ముంచండి. తాగేనీళ్లకి లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిది.

ప్లాంటు వెనక వృథా నీళ్లు వదిలే గొట్టం చూశారా? మా దగ్గర 20 లీటర్ల టిన్ను ఒకటి నిండేలోపు, ఆ గొట్టం కింద పెట్టిన అంతే బకెట్టు రెండుసార్లు నిండింది. అదంతా మురుక్కాలవలోకే. కాలవ కట్టేసిన రోజుల్లో మేమూ ఆ టిన్నే కొనుక్కుని పిల్లలకి పోస్తున్నాం, ఆ బాధ చెప్పుకోలేం.

ఇప్పుడు పంచాయతీ బోరు నుంచి ప్లాంటు బోరుకి టేపు పట్టండి. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ఊరి తాగునీటి బోరుకి 250 మీటర్లలోపు అనుమతి లేకుండా కొత్త బోరు వెయ్యకూడదు. అనుమతి కాగితం నకలు సమాచార హక్కు కింద పంచాయతీలో అడగండి, గ్రామస్థాయిలో దరఖాస్తుకి రుసుం లేదు. గ్రామసభలో మీరు కొలతలు రాసుకున్న పుస్తకం జిరాక్సు ఇచ్చి, మినిట్స్‌లో రాయించండి.

అర్జీ ఏది ఇచ్చినా తేదీ వేయించి రసీదు తీసుకోండి. మా మొదటి అర్జీకి రసీదు అడగలేదు. నెల తర్వాత వెళ్తే, అలాంటి కాగితమే రాలేదన్నారు.