ఒహాయోలోని చిన్న కౌంటీకి కొత్తగా వచ్చారా? ముందు లైబ్రరీ కార్డు తీసుకోండి

ఉద్యోగరీత్యా ఒహాయో రాష్ట్రంలోని గ్రామీణ కౌంటీలకు వచ్చే తెలుగు కుటుంబాలు బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సుల హడావుడిలో పబ్లిక్ లైబ్రరీ సంగతి తీరికగా చూసుకోవచ్చులే అనుకుంటారు. అద్దె ఒప్పందం చేతికి రాగానే అక్కడికి వెళ్ళాలని నా గట్టి సలహా.

ఇండియానా సరిహద్దున పొలాల నడుమ ఉన్న వాన్ వర్ట్ కౌంటీనే తీసుకోండి. అక్కడి బ్రంబాక్ లైబ్రరీ ఒక స్థానికుడు వీలునామాలో రాసిన ధనంతో 1901లో మొదలైంది. ఒక్క పట్టణానికే పరిమితం కాకుండా కౌంటీ మొత్తానికీ సేవలందించిన తొలి గ్రంథాలయంగా దానికి ఈ దేశంలో పేరుంది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం వెలసింది కూడా ఆ ఏడాదే. ఇటువంటి కౌంటీలలో చిన్న ఊళ్ళ శాఖలు రోజంతా తెరిచి ఉండకపోవచ్చు కాబట్టి వేళలు కనుక్కుని బయలుదేరండి.

మన ఊళ్ళలో ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేసినట్లే, ఇక్కడ రాష్ట్ర పన్నుల రాబడిలో కొంత భాగం గ్రంథాలయాలకు వెళుతుంది. అందులో మీరు కట్టే పన్ను కూడా ఉంటుంది కనుక మొహమాటపడవలసిన పని లేదు. కార్డు ఉచితం. ఫొటో ఉన్న గుర్తింపు పత్రంతోపాటు ప్రస్తుత చిరునామాను చూపే అద్దె ఒప్పందమో, కరెంటు బిల్లో తీసుకువెళ్ళండి.

కంప్యూటర్లు, ప్రింటింగ్, ఫోనులో చదువుకునే ఈ-పుస్తకాలు, పిల్లలకు కథలు చెప్పే కార్యక్రమాలు దాదాపు అంతటా ఉంటాయి. ఐదేళ్ళలోపు పిల్లలున్నవారు ఇమాజినేషన్ లైబ్రరీలో నమోదు చేయించమని అడగండి. ఒహాయోలోని 88 కౌంటీలలోనూ నెలకొక పుస్తకం ఉచితంగా ఇంటికే తపాలాలో వస్తుంది.

చాలామందికి తెలియని అసలైన సౌకర్యం ఇంటర్‌లైబ్రరీ లోన్, అంటే మీ లైబ్రరీలో లేని పుస్తకాన్ని వేరే లైబ్రరీ నుంచి అరువు తెప్పించి ఇవ్వడం. చిన్న కౌంటీ లైబ్రరీలో తెలుగు పుస్తకాలు ఉండవని నిరాశపడకండి. 1960ల నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం ద్వారా భారతీయ భాషల పుస్తకాలు అమెరికన్ విశ్వవిద్యాలయాలకు విస్తారంగా చేరాయి. వరల్డ్‌క్యాట్ అనే లైబ్రరీల ఉమ్మడి ఆన్‌లైన్ జాబితాలో వెతికితే ఏ పుస్తకం ఎక్కడుందో తెలుస్తుంది. ఆ జాబితాలో తెలుగు పేర్లను ఎక్కువగా ఆంగ్ల లిపిలోనే నమోదు చేస్తారు. అందుచేత తెలుగు లిపిలో దొరకలేదని వదిలేయకుండా, పేరు చివర సున్నా (m) ఉన్నట్లు ఒకసారి, 'ము' (mu) ఉన్నట్లు ఒకసారి ఆంగ్ల అక్షరాలతో వెతికి, దొరికిన వివరాల పేజీని ప్రింటు తీసి లైబ్రేరియన్‌కు ఇవ్వండి. తెలుగు రానివారికి మీ పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఆ ఒక్క కాగితం చాలు. రుసుము ఏమైనా ఉందేమో ముందే అడగండి. పుస్తకం రావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. గడువును అరువిచ్చిన లైబ్రరీయే నిర్ణయిస్తుంది కాబట్టి, పొడిగింపు కావాలంటే అది తీరకముందే అడగాలి.