పోర్ట్‌ల్యాండ్ గులాబీ తోటకు పెద్దవాళ్లను తీసుకువెళ్లే ముందు

అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌ల్యాండ్ నగరానికి జూన్ నెల గులాబీల పండుగ నెల. 1907లో మొదలైన ఈ రోజ్ ఫెస్టివల్‌లో కొన్ని కార్యక్రమాలకు టికెట్టు కొనవలసి ఉన్నా, వాషింగ్టన్ పార్కులోని అంతర్జాతీయ గులాబీ పరీక్షా తోటకు ప్రవేశ రుసుము లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఐరోపా గులాబీ రకాలు నశించిపోతాయన్న భయంతో 1917లో తలపెట్టిన ఆ తోటలో నేడు 10,000కు పైగా మొక్కలున్నాయి. నగరం పక్కనే ఉన్న హిల్స్‌బొరో, బీవర్టన్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు, వేసవికి ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలనో అత్తమామలనో తొలి వారాంతాల్లోనే అక్కడికి తీసుకువెళ్తుంటారు. డబ్బు కట్టేది లేదు, దూరమూ లేదు కనుక ఏ ఏర్పాటూ లేకుండా బయలుదేరడం అలవాటైపోయింది. చిక్కులు వచ్చేది అక్కడే.

తోటలో తుమ్ములు మొదలైతే పెద్దవాళ్లు గులాబీలను నిందిస్తారు. నిజానికి గులాబీ పుప్పొడి బరువైనది, కీటకాల కాళ్లకు అంటుకొని వెళ్లేదే తప్ప గాలిలో తేలేది కాదు. అసలు కారణం గడ్డి. పోర్ట్‌ల్యాండ్‌కు దక్షిణంగా పరచుకున్న విలమెట్ లోయలో పచ్చిక విత్తనాల కోసం వేల ఎకరాల్లో గడ్డిని సాగు చేస్తారు. మే చివరి నుంచి జూన్ నెలాఖరు దాకా, అంటే సరిగ్గా గులాబీలు విరగబూసే రోజుల్లోనే, ఆ పుప్పొడి గాలిలో దట్టంగా ఉంటుంది. ఉబ్బసం ఉన్నవారు ఇన్‌హేలర్‌ను ఇంట్లోని పెట్టెలో కాక చొక్కా జేబులోనో చేతిసంచిలోనో ఉంచుకోవాలి. పొడిగా, గాలి వీచే రోజున కాక, వాన కురిసి వెలిసిన రోజున వారిని తీసుకువెళ్లడం మేలు. అక్కడ జూన్‌లో అలాంటి రోజులకు కొదవ ఉండదు. ఇంటికి రాగానే స్నానం చేయించి, బట్టలు మార్పించండి. పోయిన వేసవిలో ఏమీ కాలేదన్న ధీమా పనికిరాదు, ఎందుకంటే రెండు మూడు వేసవులు అక్కడ గడిపాకే ఈ అలర్జీ బయటపడేవారు చాలామంది ఉన్నారు.

ఒక మందు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర దగ్గు మందుగా పేరున్న బెనడ్రిల్ అక్కడ అలర్జీ మాత్రగా చీటీ లేకుండానే దొరుకుతుంది. దానిలోని డైఫెన్‌హైడ్రమిన్ వల్ల వృద్ధులకు మగత, అయోమయం కలగవచ్చు. ప్రోస్టేట్ సమస్య ఉన్న మగవారికి మూత్రం బిగిసిపోవచ్చు. తెలిసిన పేరు కదా అని ఇవ్వకుండా, వారు వాడుతున్న మందులన్నీ ఫార్మసిస్టుకు చూపించి, తగినది అడిగి తీసుకోండి.

ఇక ఎండ. రామగుండం, రెంటచింతల ఎండలు చూసినవాళ్లకు ఇదొక లెక్కా అని నాన్నగారు నవ్వేస్తారు. 2021 జూన్ 28న పోర్ట్‌ల్యాండ్‌లో 116 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 46.7 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. ఆ రోజుల్లో చనిపోయినవారిలో ఎక్కువమంది ఏసీ లేని ఇళ్లలో ఒంటరిగా ఉన్న వృద్ధులు. అలాంటి ఎండ ఏటా రాదు, కానీ వచ్చినప్పుడు మన లెక్క ఒకటి తప్పుతుంది. పొద్దు వాలాక చల్లబడుతుందని సాయంత్రం ఐదింటికి బయలుదేరడం మనకు అలవాటు. అక్కడ జూన్‌లో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదింటి ప్రాంతంలో కనుక, రోజులో అత్యధిక వేడి సాయంత్రం ఐదు గంటల వేళకే ఉంటుంది. వేడి 90 ఫారెన్‌హీట్, అంటే 32 సెల్సియస్ దాటుతుందని సూచన ఉన్న రోజున ఉదయమే చూసి తిరిగి వచ్చేయండి. బీపీకి నీరు తీసే మాత్రలు వేసుకునేవారు ఎంత నీరు తాగాలో ఊళ్లోని వైద్యుణ్ణి ముందే అడిగి ఉంచుకోవాలి. ఇన్సులిన్‌ను కారులో వదలకండి. తల తిరగడం, వాంతి, మాట తడబడడం కనిపిస్తే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి.

తోట కొండవాలు మీద అంచెలంచెలుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవారిని మెట్ల దారిన కాక ర్యాంపు దారిన నడిపించాలి, చెప్పులు కాక బూట్లు వేయించాలి. వారాంతాల్లో పార్కింగ్ దొరకడం కష్టం, పైగా దానికి రుసుము ఉంది. హిల్స్‌బొరో నుంచి మ్యాక్స్ అనే నగర రైలు నేరుగా వాషింగ్టన్ పార్క్ స్టేషన్‌కు వెళ్తుంది. అది భూమికి 260 అడుగుల లోతున ఉంది కాబట్టి లిఫ్టులో పైకి రావాలి. చెవులు కాస్త దిబ్బడ వేస్తే కంగారు పడనక్కరలేదు. స్టేషన్ నుంచి తోట నడిచేంత దగ్గర కాదు, పార్కు ఉచిత షటిల్ బస్సు ఎక్కండి.

ముల్లు గుచ్చుకుంటే వెంటనే సబ్బునీటితో కడగాలి. మధుమేహం ఉన్నవారి విషయంలో ఇది మరీ ముఖ్యం. గులాబీ ముళ్ల ద్వారా స్పోరోథ్రిక్స్ అనే శిలీంధ్రం చర్మంలోకి చేరడం అరుదు. అయినా కొన్ని వారాల తరువాత ఆ చోట నొప్పిలేని బుడిపె లేచి మానకపోతే, ముల్లు సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. చెప్పకపోతే అటువైపు ఆలోచన వెళ్లకపోవచ్చు.

సందర్శకుల బీమా పత్రాన్ని ముందే చదవండి. పాత జబ్బుల చికిత్సకు చాలా పాలసీలు డబ్బు చెల్లించవు, హఠాత్తుగా తిరగబెట్టినప్పుడు మాత్రమే కొంత ఇస్తాయి. స్థానిక ఫోన్ లేని పెద్దవాళ్ల జేబులో ఇంటి చిరునామా, మీ నంబరు, మందుల పేర్లు ఇంగ్లీషులో రాసిన కాగితం ఉంచండి. జనసమ్మర్దంలో వారు విడిపోతే ఆ కాగితమే అక్కరకు వస్తుంది.

పూజకో, జడలోకో ఒక్క పువ్వు కోసుకుందామని అమ్మ చేయి చాచవచ్చు. ఆ తోటలో పువ్వులు కోయడం నిషిద్ధమని కారు దిగకముందే చెప్పండి. తిరుగుదారిలో ఏ దుకాణంలోనైనా ఒక గుత్తి కొనివ్వండి.