గ్లూవైన్ చేదెక్కిందా? పంచదార వేయకముందు నారింజ ముక్కలు బయటికి తీయండి

జర్మనీలో నవంబరు చివర్లో క్రిస్మస్ మార్కెట్లు తెరుచుకుంటాయి. అక్కడ చలిలో నిలబడి తాగిన గ్లూవైన్, అంటే వేడి మసాలా వైన్, రుచి ఇంకా నాలుక మీద ఉండగానే, సూపర్‌మార్కెట్‌లో ఒక సీసా కొని ఇంట్లో కాచుకోవడం ఇక్కడి తెలుగువాళ్లకు మామూలైపోయింది. ఆ తర్వాత నాకు ఫోన్లు మొదలవుతాయి. చేదుగా ఉంది, మందులా ఉంది, మరీ తీపిగా ఉంది, సగం గిన్నె మిగిలిపోయింది, ఏం చేయమంటారు? ఏటా ఇవే ప్రశ్నలు, కారణాలూ ఇవే. వైన్ వేడి చేయడం, వడగట్టడం మీకు వచ్చు అనుకునే ఇది రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు: సీసా మీద ఏం రాసి ఉంది?

ఎవరు ఏ సమస్య చెప్పినా నేను మొదట అడిగేది ఇదే. చాలామంది సీసా చూడకుండానే ఫోను చేస్తారు. మీరు కొన్నది మామూలు రెడ్ వైనా, లేక గ్లూవైన్ అని పేరు ఉన్న సీసానా? ఈ రెండూ ఒకటి కావు. యూరోపియన్ యూనియన్ 2014 నాటి నియమం ప్రకారం, ఆ పేరుతో అమ్మే పానీయాన్ని వైన్‌తోనే తయారు చేయాలి. అందులో ప్రధానంగా దాల్చినచెక్క లేదా లవంగం రుచి ఉండాలి. ఆల్కహాల్ కనీసం 7 శాతం ఉండాలి. అంటే ఆ సీసాలోకి మసాలా ముందే చేరింది, దాదాపు ఎప్పుడూ చక్కెర కూడా చేరే ఉంటుంది. దానికి మీరు మళ్లీ లవంగాలు, చక్కెర వేస్తున్నారంటే ఒక పని రెండుసార్లు చేస్తున్నట్టే.

2023 డిసెంబరు 8 తర్వాత తయారైన సీసాలకు పదార్థాల జాబితా, పోషక విలువలు తెలియజేయడం తప్పనిసరి అయింది. చాలా సీసాల మీద దానికోసం క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఫోనుతో చూస్తే 100 మిల్లీలీటర్లకు ఎంత చక్కెర ఉందో అర నిమిషంలో తెలుస్తుంది. అదీ వద్దనుకుంటే, గిన్నెలో పోయకముందు ఒక చెంచాడు చల్లగానే రుచి చూడండి. ఈ ఒక్క చెంచా వల్ల సగం ఫిర్యాదులు పుట్టకుండానే పోతాయి.

మరీ తీపిగా ఉంది

కారణం పైన చెప్పిందే. ఇప్పటికే తీపి ఎక్కువైతే, చక్కెర కలపని సాదా రెడ్ వైన్‌ను విడిగా వేడి చేసి కొద్దికొద్దిగా కలపండి. మసాలా ఘాటు కూడా దాంతో తగ్గుతుంది. నీళ్లు పోయకండి, రుచి పలచబడిపోతుంది. నిమ్మరసం పిండాలనుకుంటే పొయ్యి మీద నుంచి దించాకే పిండండి. ఎందుకో కింద చెబుతాను.

చప్పగా, ఉడికిన వాసన వస్తోంది

మరిగించారు. ఇంకో కారణం వెతకక్కర్లేదు. శుద్ధ ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది. వైన్‌లో నీళ్లే ఎక్కువ కాబట్టి అది మరగడానికి 90 డిగ్రీలు దాటాలి. అయితే అక్కడికి చేరేలోపే ఆల్కహాల్, సువాసనలు ఆవిరితో పాటు వెళ్లిపోతుంటాయి, వైన్‌కు కాచిన జామ్ వాసన పడుతుంది. 70 డిగ్రీల దగ్గర ఆపేయండి. థర్మామీటర్ లేకపోతే పైనుంచి ఆవిరి లేచి, గిన్నె అంచున చిన్న బుడగలు కనిపించగానే మంట తీసేయండి. ఒకసారి మరిగిపోయిన వైన్‌ను వెనక్కి తేలేం, దాన్ని వంటకు వాడుకోండి.

మందులా ఉంది, నాలుక మొద్దుబారుతోంది

ఇది లవంగం పని. సాదా వైన్ 750 మిల్లీలీటర్ల సీసాకు మూడు లవంగాలు, ఒక దాల్చినచెక్క ముక్క, ఒక అనాసపువ్వు, దంచిన రెండు యాలకులు చాలు. ఇరవై నిమిషాలు నానాక మసాలా మొత్తం తీసేయాలి. చాలామంది తీయరు. గిన్నెలో ఉన్నంతసేపూ లవంగం తన ఘాటును వదులుతూనే ఉంటుంది. గరం మసాలా పొడి మాత్రం ఏ పరిస్థితిలోనూ వేయకండి. వడగట్టినా అది పోదు, అడుగున బురదలా పేరుకుంటుంది, ధనియాలు, మిరియాల రుచి వైన్‌ను మింగేస్తుంది. యాలకులు మన చేర్పు అనుకుని మొహమాటపడేవాళ్లు ఉన్నారు. జర్మనీలోనే, శాక్సనీ ప్రాంతంలో 1834లో రాసిపెట్టిన ఒక మసాలా వైన్ వంటకంలో దాల్చినచెక్క, అల్లం, జాజికాయతో పాటు యాలకులు, కుంకుమపువ్వు కూడా ఉన్నాయి. నిశ్చింతగా వేసుకోండి.

పొయ్యి మీద బాగుంది, అతిథులు వచ్చేసరికి చేదెక్కింది

నన్ను అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. కాచినప్పుడు రుచి చూస్తే లోపమేమీ ఉండదు. గంట, గంటన్నర తర్వాత కప్పుల్లో పోస్తే చేదు. అదీ నాలుక కొసన కాదు, మింగాక గొంతు వెనక మొదలై అక్కడే ఉండిపోయే చేదు. అందరూ ముందు వైన్‌ను తిడతారు, వచ్చేసారి ఎక్కువ ధర పెట్టి కొంటారు. అప్పుడూ చేదే. తర్వాత దాల్చినచెక్క మారుస్తారు, ఆపైన లవంగాలు తగ్గిస్తారు. చివరికి పంచదార గుమ్మరిస్తారు. అప్పుడు చేతికి వచ్చేది తీపి, చేదు రెండూ ఉన్న పానీయం.

దోషి నారింజ. గిన్నెలో తేలుతూ ముద్దుగా కనిపించే ఆ గుండ్రటి ముక్కలే.

నారింజ తొక్కకు లోపల ఉండే తెల్లటి పొరలో, తొనల మీది పొరల్లో, గింజల్లో ఒక పదార్థం ఉంటుంది. పండుగా ఉన్నప్పుడు దానికి చేదు ఉండదు. కోసిన తర్వాత అది పులుపుతో కలిసి క్రమంగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. వేడి ఆ మార్పును వేగంగా జరిపిస్తుంది. వైన్ పుల్లనిది, గిన్నె వేడిగా ఉంది, ముక్కలు కోసి వేశారు. మూడూ కుదిరాయి, ఇక కావలసింది సమయం ఒక్కటే. లీటరుకు కొన్ని మిల్లీగ్రాములు చేరితే చాలు, నాలుక పసిగడుతుంది. మార్పు నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి కాచిన వెంటనే రుచి చూసినవాళ్లకు ఏమీ తెలియదు.

దీనికి తోడు, ఈ కాలంలో ఇక్కడి దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి స్పెయిన్ నుంచి వచ్చే నేవెల్ జాతి నారింజలు. గింజలు ఉండవు, తొక్క సులువుగా వస్తుంది, తినడానికి బాగుంటాయి. ఆలస్యంగా చేదెక్కడంలో కూడా ఈ జాతిదే పెద్ద పేరు. పండ్ల రసాల పరిశ్రమ ఈ చేదుతో ఏళ్లుగా తంటాలు పడుతోంది. అంటే మంచి పండు ఏరి కొన్నా తప్పించుకోలేరు.

మన వంటింట్లో ఈ జాగ్రత్త ఎప్పటినుంచో ఉంది. నిమ్మకాయ పులిహోర చేసేటప్పుడు బాణలి పొయ్యి మీద ఉండగా రసం పిండరు, దించాకే పిండుతారు. చేదెక్కుతుందని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగా విననివాళ్లు లేరు. అదే చేత్తో నారింజను తొక్క, పొర సహా గుండ్రంగా కోసి రెండు గంటలు వేడిలో నానబెడతాం. రైస్ కుక్కర్‌ను వార్మ్ మీద పెట్టి అందులో వైన్ వదిలేసేవాళ్లయితే చేదును చేతులారా పెంచుతున్నట్టే. ఆ వేడి, ఆ నిడివి దానికి సరిగ్గా సరిపోతాయి.

చేదు నారింజదేనని తేల్చుకోవడం తేలిక. నాలుక మొద్దుబారితే లవంగం. నోరు ఎండిపోయి చిగుళ్లు పట్టేసినట్టుంటే అది వగరు, వైన్‌లోని టానిన్ వల్ల వచ్చేది, కాస్త చక్కెరతో సర్దుకుంటుంది. ఈ రెండూ కాకుండా, మింగిన కొన్ని క్షణాల తర్వాత గొంతులో చేదు పైకి వచ్చి నిలిచిపోతే నారింజ. ఇంకా అనుమానమా? ఒకే వైన్‌ను రెండు కప్పుల్లో తీసుకోండి. ఒకదాంట్లో నారింజ ముక్క, ఇంకోదాంట్లో పైతొక్క చీలిక వేయండి. రెండింటినీ వేడినీళ్ల గిన్నెలో గంటసేపు ఉంచి తాగి చూడండి. ఇక నన్ను అడగరు.

ఇప్పటికే చేదెక్కితే ఏం చేయాలి? ముక్కలన్నీ తీసేయండి. చేదు తగ్గదు, పెరగడం మాత్రం ఆగుతుంది. ఉన్నదానికి సమానంగా వేడి సాదా వైన్ గానీ, పుల్లటి చెర్రీ రసం గానీ కలపండి. నారింజ రసం కలపకండి, మళ్లీ అదే కథ. గిన్నెకు చిటికెడు ఉప్పు వేయండి. వింతగా అనిపించినా ఉప్పు చేదును అణుస్తుంది. ఉప్పని తెలిసేంత వద్దు. పంచదార చివర్లో, అవసరమైతేనే. ఇంతా చేశాక కూడా గొంతులో చేదు నిలిస్తే పారబోయండి. ఆ వైన్‌ను వంటకు దాచుకోవద్దు, ఇగిరేకొద్దీ చేదు చిక్కబడుతుంది.

రాకుండా చేయడం ఇంకా తేలిక. నారింజ వాసన ఉండేది పైనున్న రంగు తొక్కలో, దాని నూనెలో. కూరగాయల పీలర్‌తో ఆ రంగు పొరను మాత్రం పలచగా చెక్కండి. వెనకవైపు తెల్లగా కనిపిస్తే కత్తితో గీసేయండి. సీసాకు మూడు నాలుగు చీలికలు చాలు, మసాలాతో పాటు ఇరవై నిమిషాల్లో అవీ బయటికి రావాలి. అందం కోసం ముక్క కావాలంటే వడ్డించేటప్పుడు కప్పులో వేయండి, కప్పు పది నిమిషాల్లో ఖాళీ అవుతుంది కాబట్టి ఇబ్బంది ఉండదు. పండ్ల సంచి కూడా ఒకసారి చదవండి. తొక్క తినడానికి పనికిరాదని రాసి ఉంటే ఆ పండు తొక్కను వైన్‌లో వేయకూడదు, మందు పూసి ఉంటుంది. సేంద్రియ పండు తెచ్చుకోండి.

రుచి ఎప్పుడు చూడాలి?

పొగలు కక్కుతున్నప్పుడు చూస్తే ఆల్కహాల్ ఆవిరి ముక్కులో గుచ్చుకుంటుంది, మసాలా వాసన అందదు. కప్పు చేత్తో హాయిగా పట్టుకోగలిగే వేడికి వచ్చాక చూడండి. ముందు వాసన, తర్వాత చిన్న గుక్క, మింగాక కాసేపు ఆగడం. ఆ ఆగడమే ఎవరూ చేయరు. అరగంటకోసారి ఇలా చూస్తే చేదు మొదలవుతుండగానే దొరికిపోతుంది.

మిగిలింది, ఏం చేయను?

చేదు లేని వైన్ మిగిలితే అది అదృష్టమే. వడగట్టి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కొన్ని రోజుల్లో వాడుకోవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చేది బేరి పండ్లు. తొక్క తీసిన గట్టి పండ్లను అందులో ముంచి, సన్నని మంట మీద మెత్తబడేదాకా ఉడికించి, ఆ రసంలోనే రాత్రంతా వదిలేయండి. మర్నాటికి లోపలిదాకా ఎర్రగా మారుతాయి. రసాన్ని విడిగా ఇగరబెట్టి పైన పోయండి. జర్మన్లు ఎర్ర క్యాబేజీ కూరలో పోస్తారు, అదీ బాగుంటుంది. క్రిస్మస్ కేకుకు ఎండుద్రాక్ష నానబెట్టడానికి రమ్ బదులు ఇదే వాడండి. స్వీడన్‌లో ఇలాంటి వైన్ కప్పులోనే ఎండుద్రాక్ష, బాదం వేసి ఇస్తారు కాబట్టి జోడీ కొత్తదేమీ కాదు. జెల్లీ చేయాలంటే ఇక్కడ దొరికే జెల్లీ పంచదార, రెండుకు ఒకటి పాళ్లది, సంచి మీద చెప్పిన కొలతలో వేసి, అక్కడ చెప్పినంతసేపు గలగలా మరిగించండి. మరిగి చప్పబడిన వైన్‌కు ఇదే సరైన దారి. పాయసంలో, పాలలో మాత్రం పోయకండి, విరిగిపోతాయి.

అరుదైనవి

వెనిగర్ వాసన వస్తే వైన్ చెడిపోయింది, పారబోయండి. లోహపు రుచి వస్తే అల్యూమినియం గిన్నె, స్టీలుకు మారండి. జిగురుగా ఉంటే దాల్చినచెక్క ఎక్కువసేపు నానింది. తడి అట్టపెట్టె వాసన వస్తే బిరడా లోపం, దుకాణంలో తిరిగి ఇచ్చేయండి.

ఒక్కటి మాత్రం అరుదు అని వదలలేను. వండితే ఆల్కహాల్ అంతా పోతుందన్న నమ్మకం తప్పు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం పావుగంట ఉడికితే 40 శాతం, గంట ఉడికినా 25 శాతం మిగులుతుంది. బేరి పండ్లయినా, క్యాబేజీ అయినా పిల్లలకు, గర్భిణులకు, మద్యం ముట్టనివాళ్లకు పెట్టకండి. వాళ్లకోసం ఆపిల్ రసం, చెర్రీ రసం కలిపి అదే మసాలాతో వేరే గిన్నెలో కాచండి, వేరే గరిటె వేయండి. నారింజ ముక్కలు ఆ గిన్నెలోనూ వద్దు.