టైప్‌స్క్రిప్ట్ స్వయంగా, 7వ పాఠం: నల్ వేరు, సున్నా వేరు

పోయిన పాఠంలో స్ట్రిక్ట్‌నల్‌చెక్స్ (విలువ లేదని చెప్పే నల్‌ను వేరే టైపుల్లో కలవనివ్వని సెట్టింగ్) ఆన్ చేయమన్నాను. ఆన్ చేయగానే ఎడిటర్ నిండా ఎర్రగీతలు పడ్డాయని చాలామంది టెన్షన్ పడ్డారు, కొందరు వెంటనే ఆఫ్ చేసేశారు. దయచేసి ఆఫ్ చేయకండి. ఆ తప్పులు కొత్తగా పుట్టినవి కావు, మీ కోడ్‌లో ముందునుంచీ ఉన్నవే. 2016లో టైప్‌స్క్రిప్ట్ 2.0తో ఈ సెట్టింగ్ వచ్చేదాకా, నంబర్ ఉండాల్సిన చోట నల్ పెట్టినా కంపైలర్ ఊరుకునేది.

మనం రాస్తున్న వరంగల్ ఏనుమాముల మార్కెట్ మిర్చి ధరల యాప్‌లో పాట (వేలం) కాని రకానికి ధర ఉండదు కాబట్టి దాని టైపు 'నంబర్ | నల్'. అంటే ధర ఉంటే నంబర్, లేకపోతే నల్.

అసలు బాధ ఇక్కడ. ఎర్రగీత పోవాలని మీలో ఎక్కువమంది నల్ తీసేసి సున్నా పెట్టారు. కంపైలర్ ఒప్పుకుంది, లెక్క మాత్రం చెడింది. తేజ 14,000, వండర్ హాట్ 16,000 పలికాయి, చపాటకు ఇంకా పాట కాలేదు అనుకోండి. సగటు 15,000 రావాలి. మీ సున్నా వల్ల 10,000 వస్తుంది. అది చూసిన రైతు ధర పడిపోయిందనుకుని సరుకు ఇంటికి తిప్పుకుపోతాడు.

దీనికి తిరగేసిన తప్పు ఇంకోటి: 'తరుగు || 2'. తరుగు (బస్తా బరువులోంచి కోసే కిలోలు) రాయకపోతే రెండు కిలోలు తీసుకోమని మీ ఉద్దేశం. కానీ ఆ రెండు నిలువు గీతలకు సున్నా కూడా లేనట్టే లెక్క. సరుకు బాగుందని తరుగు 0 వేసిన బస్తాకూ రెండు కిలోలు కోస్తుంది. 'తరుగు ?? 2' అని రాస్తే నల్, అన్‌డిఫైన్డ్ (విలువే ఇవ్వనిది) ఉన్నప్పుడే రెండు తీసుకుంటుంది, సున్నాను సున్నాగానే ఉంచుతుంది.

ఇది నల్ కాదని కంపైలర్‌కు మాటిస్తూ 'ధర!' అని ఆశ్చర్యార్థకం పెట్టి తప్పించుకోవడం నాకు అసలు నచ్చదు. జావాస్క్రిప్ట్‌గా మారేటప్పుడు ఆ గుర్తు చెరిగిపోతుంది, నల్ అలాగే ఉంటుంది. ముందే 'ధర === నల్' అని చూసి రిటర్న్ అయిపోండి. కింది లైన్లలో కంపైలరే దాన్ని నంబర్‌గా తీసుకుంటుంది.

అభ్యాసం: ధరల జాబితా తీసుకుని సగటు ఇచ్చే ఫంక్షన్ రాయండి. 'ఎనీ' (ఏ టైపైనా సరే అనడం), 'యాజ్' (టైపు ఇదేనని బలవంతంగా చెప్పడం), ఆశ్చర్యార్థకం వాడకూడదు. 2024లో వచ్చిన 5.5 కన్నా పాత టైప్‌స్క్రిప్ట్ వెర్షన్‌లో నల్‌లు తీసేయడానికి మామూలు ఫిల్టర్ పెట్టాక కూడా టైపులో నల్ మిగులుతుంది. నేనైతే ఫర్ లూప్‌తోనే రాస్తాను. చివరగా, ఒక్క రకానికీ పాట కాని రోజు జాబితా ఇచ్చి చూడండి. నల్ రావాలి; సున్నా వచ్చినా, నాన్ (NaN, సంఖ్య కానిది) వచ్చినా మళ్లీ రాయాల్సిందే.